గొళ్లెం వేసుకోమన్నది నేనే

అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. పరీక్ష వాయిదా పడిందని ఒక అమ్మాయి హాస్టల్ బాత్రూంలో గొళ్లెం వేసుకుని, యాసిడ్‌తో ప్రాణం తీసుకోబోయిందని ఆ కథ. ఊళ్ల నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు పాతవాళ్లు రోడ్డు మీద నుంచే ఆ హాస్టల్ కిటికీ చూపిస్తారు. టీ తాగుతూ చెప్పుకుంటారు.

ఆ కథ అబద్ధం. ఆ అమ్మాయి ప్రాణం తీసుకోబోలేదు. బాత్రూం కడిగింది. ఎలా కడగాలో చెప్పింది నేను. గొళ్లెం వేసుకోమన్నదీ నేనే. ఆ సంగతి చెప్పవలసిన రోజున, ఆమె అన్న నా ముందు నిలబడి నేరుగా అడిగినప్పుడు, నేను చెప్పలేదు. ఇది రాస్తున్నానని ఆమెకు చెప్పాను. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దంది. మిగతాది ఉన్నది ఉన్నట్టు రాయమంది.

నేను సైన్స్ మాస్టారిని. పుట్టి పెరిగింది చిక్కడపల్లిలో. చాలా ఏళ్లు బడిలో చెప్పాను, తర్వాత కోచింగ్ సెంటర్లకు వచ్చాను. అశోక్ నగర్‌లో ఒక సెంటరు, నారాయణగూడలో ఒక సెంటరు. మధ్యాహ్నం ఇక్కడ, సాయంత్రం అక్కడ. నా పని రివిజన్. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పుస్తకాల్లో ఉన్న సైన్సంతా కొద్ది వారాల్లో తిరగేయించాలి. జీవకణం, ఆమ్లాలు, క్షారాలు, సౌరకుటుంబం, రుతువులు, భూమి పొరలు, వాతావరణం, అన్నీ. నా ముందు కూర్చునేవాళ్లు డిగ్రీలు, ఇంజనీరింగులు చదివినవాళ్లు. బడిలో ఎప్పుడో చదివి మరిచిపోయిన పాఠాలు ఉద్యోగం కోసం మళ్లీ నేర్చుకుంటారు.

రివిజన్‌కు ఒక పద్ధతి ఉంది. సగం వాక్యం నేను అంటాను, మిగతా సగం క్లాసంతా అంటుంది.

"బ్లీచింగ్ పౌడర్ మీద ఆమ్లం పడితే?"

"క్లోరిన్ సార్."

"రంగు?"

"పసుపు కలిసిన ఆకుపచ్చ."

"గాలి కంటే?"

"బరువు."

"టిక్కు పెట్టుకోండి. పోదాం."

ఆ "పోదాం" అనేది నా ఊతపదం. పిల్లలు నన్ను వెనకాల "పోదాం సార్" అనేవారు. నాకు తెలుసు, కోపం వచ్చేది కాదు. ఎంత వేగంగా పోతే అంత మంచి మాస్టారని పేరు. క్లోరిన్ అన్నప్పుడు ఏ ఒక్కరి కళ్ల ముందూ ఒక వాయువు కదలదు. నా కళ్ల ముందు కూడా కదిలేది కాదు. నాలుగు ఆప్షన్లలో ఒక ఆప్షన్ కదిలేది.

ఆ అమ్మాయి మాత్రం ఈ పద్ధతికి ఒదిగేది కాదు. పాలమూరు వైపు పల్లె. డిగ్రీ అయింది. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో, మధ్యాహ్నం మా క్లాసులో ఉండేది. అందరూ టిక్కు పెట్టుకుని పేజీ తిప్పుతుంటే చెయ్యెత్తేది.

"సార్, వానపాముకు ఊపిరితిత్తులు లేవు, చర్మంతోనే గాలి పీలుస్తది అన్నరు కద. మరి వాన పడంగనే బయటికి ఎందుకొస్తది?"

వెనక బెంచీల నుంచి ఎవరో, "గొడుగు కొనుక్కోవడానికి" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కానీ చెయ్యి దించలేదు.

"అది పరీక్షలో రాదమ్మా. పోదాం," అన్నాను.

అలా ఆమెను చాలాసార్లు దాటేశాను. అందుకే ఆమె నన్ను మెట్ల మీద పట్టుకోవడం మొదలుపెట్టింది. మాలాంటి మాస్టార్లకు గదులుండవు. ఒక బ్యాచ్ కాగానే ఇంకో సెంటరుకు పరుగు. క్లాసుకూ స్కూటరుకూ మధ్య ఉన్న ఆ మూడంతస్తుల మెట్లే మా డౌట్ల గది. దిగుతూ అడుగుతారు, దిగుతూ చెబుతాం. తమ డౌట్ వేరొకరు వింటే పరువు పోతుందని కొందరు పిల్లలు అందరూ వెళ్లేదాకా ఆగి మరీ వస్తారు.

ఆ రోజు శనివారం. లవణాల పాఠం ముగించాను. బ్లీచింగ్ పౌడర్, వంట సోడా, చాకలి సోడా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. క్లాసు అవుతుండగానే ఫోన్లు మోగాయి. పరీక్ష మళ్లీ వాయిదా పడింది. గది గదంతా ఒక్కసారి నీరుగారిపోయింది. కొందరు తిట్టారు, ఒకరిద్దరు ఏడ్చారు. నేను అలవాటుగా నాలుగు ధైర్యం మాటలు చెప్పి బయటికి వచ్చాను. మెట్లు సగం దిగాక వెనక నుంచి పిలుపు.

"సార్, ఒక్క డౌట్."

"దిగుతూ అడుగమ్మా. నారాయణగూడల బ్యాచ్ ఉంది."

"సిలబస్ డౌట్ కాదు సార్. మా రూంల బాత్రూం బండలు బోరు నీళ్లకు పచ్చగై పోయినయ్. యాసిడ్ పోసి రుద్దినా పోతలేదు, బ్లీచింగ్ చల్లినా పోతలేదు. రేపు కడిగే వంతు నాది. ఏది వేస్తే పోతది?"

నాకు నవ్వొచ్చింది. పరీక్ష వాయిదా పడిందని లోకం ఏడుస్తుంటే ఈ పిల్ల బండల గురించి అడుగుతోంది.

"పరేషాన్ లేదా నీకు?"

"పరేషాన్ అయితే బండలు తెల్లగైతయా సార్? ఇంక టైం దొరికిందనుకున్న. జాగ్రఫీ ఒక్కటి మళ్ల చూస్త."

"వేరువేరుగా పోకపోతే రెండూ కలిపి వెయ్యి," అన్నాను.

"మస్తు వాసన వస్తది సార్. హాస్టల్ ఆంటీ ఒర్రుతది."

"గొళ్లెం వేసుకొని రుద్దు. వాసన నీ దగ్గరే ఉంటది, ఆంటీ దాకా పోదు."

ఆమె నవ్వింది. నేను స్కూటర్ తీశాను.

హాస్యానికి అన్నానని తర్వాత నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అది హాస్యం కాదు. హాస్యమాడేవాడికి తను చెప్పేది నిజం కాదని తెలుసు. నాకు ఆ క్షణంలో ఏమీ తెలియదు. అంతకుముందే క్లాసు చేత ముక్తకంఠంతో పలికించిన సంగతి, మెట్లు దిగేసరికి నా తలలో లేదు. అది పరీక్ష హాల్లో వాడే సంగతి. బాత్రూంలో వాడే సంగతి కాదు. ఇన్నేళ్లు చదువు చెప్పిన నా బుర్ర అలా తయారైంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటున్నాను. మా సెంటరు డైరెక్టర్ ఫోన్ చేశాడు. నాకంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు.

"సార్, మన మధ్యాహ్నం బ్యాచ్ అమ్మాయి ఒకామె హాస్టల్ బాత్రూంల పడిపోయి ఉన్నదంట. లోపల గొళ్లెం ఉన్నదంట సార్. పక్కన యాసిడ్ సీసా. తలుపు పగలగొట్టి తీసిండ్రు. వాయిదా టెన్షనే సార్, ఇంకేముంటది."

ఎవరని నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేదు.

"బతికి ఉందా?" అన్నాను.

"ఆక్సిజన్ పెట్టిండ్రంట."

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నా భార్య, "ఎవరికేమైంది?" అంటోంది. ఇక్కడ ఒకటి దాచకుండా రాయాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన ఆ పిల్ల ఎలా ఉందన్నది కాదు. మెట్ల మీద మా పక్కన ఎవరున్నారన్నది. కళ్లు మూసుకుని ఆ మెట్లన్నీ మళ్లీ దిగాను. కింద జిరాక్స్ షాపులో కుర్రాడు పనిలో ఉన్నాడు. పైన ఎవరూ లేరు. ఎవరూ వినలేదు. అప్పుడు కొంచెం ఊపిరి ఆడింది. ఊపిరి ఆడినందుకు మళ్లీ భయం వేసింది.

ఆసుపత్రికి వెళ్లలేదు. వెళ్తే ఆమె కళ్లు తెరిచి నన్ను చూస్తుందని భయం. వెళ్లకపోతే ఆమె చనిపోతుందేమోనని భయం. క్లోరిన్ ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో నాకు తెలుసు. లోపలి తడిలో కరిగి ఆమ్లమవుతుంది. అప్పటికి తేరుకున్నట్టే కనిపించినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. తెలిసినవాడికి ఓదార్పు లేదు. నా భార్యకు కడుపులో బాగాలేదని చెప్పి పడుకున్నాను. ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని, అది మోగకూడదని ఒకసారి, మోగాలని ఒకసారి అనుకుంటూ.

సోమవారం పాఠం శ్వాసక్రియ. పట్టికలో ముందే రాసి ఉంది, మార్చమనే ధైర్యం లేదు. మార్చమంటే ఎందుకని అడుగుతారు.

"వాయువుల మార్పిడి ఎక్కడ జరుగుతుంది?"

"వాయుకోశాల్లో సార్."

"వాటి గోడ ఎంత మందం?"

క్లాసు "ఒక్క కణం" అంది. తర్వాతి ప్రశ్న నాకు రాలేదు. ఆ ఒక్క కణం మందం గోడ మీద ఆమ్లం పడితే ఏమవుతుందో ఆ గదిలో నా ఒక్కడికే కనిపిస్తోంది. మొదటి బెంచీ అబ్బాయి లేచి నీళ్ల సీసా ఇచ్చాడు. "సార్‌కు ఆ అక్క అంటే మస్తు అభిమానం," అని ఎవరో మెల్లగా అనడం విన్నాను. వాళ్లకు నా భయం దుఃఖంలా కనిపించింది. నేను దాన్ని అలాగే కనిపించనిచ్చాను.

ఆ సాయంత్రం ఒక కానిస్టేబుల్ సెంటరుకు వచ్చాడు. ఇలాంటి కేసుల్లో వచ్చి అడగడం మామూలే. డైరెక్టర్ నన్ను పిలిపించాడు. గది బయటే ఆపి, "మీరేం మాట్లాడలేదు కద సార్ ఆమెతోని? తిట్టుడు, గట్ల ఏమన్న?" అన్నాడు.

"లేదు," అన్నాను.

లోపల కానిస్టేబుల్ టీ తాగుతున్నాడు. ముఖంలో అనుమానం లేదు, అలసట ఉంది.

"చదువు టెన్షనేనా సారు?"

"అయ్యుండొచ్చు."

"మా తమ్ముడు కూడ ఇక్కడనే చదువుతుండు సారు. ఫోన్ చేస్తె ఎత్తడు. నాకు ఇట్లాంటి కేసు వచ్చినప్పుడల్లా ముందు వానికి ఫోన్ కొడత." అతను కప్పు కింద పెట్టి లేచాడు.

నేను చెప్పిన "అయ్యుండొచ్చు" ఎక్కడైనా రాసుకున్నాడో లేదో తెలియదు. కానీ ఒక మాస్టారు కూడా అలాగే అన్నాడన్న సంగతి మర్నాటికల్లా అశోక్ నగర్ అంతా పాకింది.

ఆసుపత్రిలో ఆ అమ్మాయికి మాట వచ్చింది. వచ్చిన వెంటనే నిజం చెప్పింది. బాత్రూం కడుగుతున్నానంది. సార్ చెప్పినట్టే రెండూ కలిపానంది, గొళ్లెం కూడా సారే వేసుకోమన్నాడంది. ఎవరూ నమ్మలేదు. అక్కడ అన్నీ ఆమెకు వ్యతిరేకంగా ఉన్నాయి. వాయిదా వార్త ముందురోజే వచ్చింది. గొళ్లెం లోపలి నుంచి ఉంది. పక్కన యాసిడ్ సీసా. ఈ వీధుల్లో ఇలాంటివి విని విని, ఆ మూడూ ఒక చోట కనిపిస్తే నాలుగోది ఏమిటో అందరికీ ముందే తెలుసు. సిగ్గుపడి కప్పిపుచ్చుకుంటోందన్నారు. ఆమె మాట నిజమని చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఆమె అన్న వచ్చాడు. వరికోత మిషన్ నడిపే మనిషి, ఎండకు నల్లబడ్డ మెడ, చేతిలో ఆసుపత్రి మందుల కవరు. డైరెక్టర్ గదిలో ఇంకో ఇద్దరు మాస్టార్లు కూడా ఉన్నారు. అతను నన్ను చూసి నమస్కారం పెట్టాడు. కోపంతో రాలేదు.

"సార్, మా చెల్లె ఒకటే మాట అంటున్నది. సైన్స్ సారే రెండు కలపమన్నడు, గొళ్లెం పెట్టుకోమన్నడు అని. మీరే చెప్పిండ్రా సార్? చెప్పి ఉంటె చెప్పిన అనుండ్రి. నేను ఏం అనను. మాకు గదొక్కటి తెలిస్తె చాలు."

ఇంతకంటే తేలికగా ఎవరూ అడగరు. "అవును" అని ఒక్క మాట అంటే చాలు. కానిస్టేబుల్‌కు ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకొకటి ఎలా చెప్పడం? కేసవుతుందా? సెంటరు పోతుందా? ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు? అతను నా ముఖంలోకే చూస్తున్నాడు.

"నేను చెప్పేది సైన్స్ బాబూ," అన్నాను. "బాత్రూంలు కడగడం నా సిలబస్‌లో లేదు."

మాస్టార్లు ఇద్దరూ నవ్వారు. డైరెక్టర్ కూడా పెదవి కొంచెం కదిపాడు. అతను ఆ నవ్వు అయ్యేదాకా ఆగాడు.

"అయితే అబద్ధం చెప్తున్నదన్నట్టు," అని నాతో కాదు, తనతో తనే అనుకుని, మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఆమెను ఊరికి తీసుకుపోయారు.

తర్వాతి రోజుల గురించి చెప్పాలంటే భయం గురించే చెప్పాలి. ఆ హాస్టల్ సందు ముందు నుంచి పోవలసి వస్తుందని దారి మార్చాను. గాంధీనగర్ చుట్టి, లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా తిరిగి వచ్చేవాణ్ని. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తేవాణ్ని కాదు. క్లాసులో సౌరకుటుంబం మొదలుపెట్టాను. శుక్రుడి మీద గాలి విషం, సల్ఫ్యూరిక్ ఆమ్లం మేఘాలు అని చెబుతూ ఉండగా ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఆగేదాకా వాక్యం పూర్తి చేయలేకపోయాను. పిల్లలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నారు. "సార్, శుక్రుడి మీద హాస్టల్ కిరాయి తక్కువ ఉంటదేమో," అని ఒకడు జోకు వేశాడు. నవ్వాను. నా నవ్వు నాకే పరాయిగా వినిపించింది.

తర్వాత భూమి పాఠాలు. వాతావరణ పొరలు. బరువైన వాయువులు కిందికి చేరతాయని చెప్పాలి. చెప్పాను. ఆమె బండల మీద వంగి రుద్దుతూ ఉండి ఉంటుంది. వాయువు కూడా అక్కడే, ఆ కింది మూలల్లోనే నిండి ఉంటుంది. నిలబడి ఉంటే కొంచెం తక్కువ పీల్చేదేమో. ఆ బాత్రూంకు కిటికీ ఉందో లేదో కూడా నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించినా ఎవరిని అడగగలను?

పరీక్షకు కొత్త తేదీ వచ్చింది. ఆ వారమే ఆమె రూమ్మేట్ నన్ను మెట్ల మీద పట్టుకుంది. ఈమె కూడా మా క్లాసే. ఆ ఆదివారం లైబ్రరీ నుంచి వచ్చి తలుపు తట్టినది ఈమే.

"సార్, అది పరీక్ష రాస్త అంటున్నది. ఇంట్ల పంపిస్తలేరు. మళ్ల ఏమన్న చేసుకుంటదని భయం."

"ఆరోగ్యం?"

"దగ్గు ఉన్నది. తగ్గుతదంట. గదైతే పర్వాలేదు సార్. వాళ్లింట్ల బాత్రూంకి గొళ్లెం తీసేసిండ్రంట. అది లోపలికి పోతే వాళ్లమ్మ బయట నిలబడి మాట్లాడుతనే ఉంటదంట. ఇది జవాబియ్యకపోతే తలుపు తోస్తదంట. స్నానం చేస్తున్నప్పుడు కూడ." ఆమె ఆగింది. "ఏడ్సుకుంట చెప్పింది సార్ ఫోన్ల. ఈ ఆదివారం వాళ్ల నాయిన, అన్న వచ్చి రూం ఖాళీ చేస్తరంట. పుస్తకాలు ఏరుకోవాలని దాన్ని కూడ తీసుకొస్తరంట. పుస్తకాలు ఇచ్చేస్తె ఇంక అయిపోయినట్టే."

నేను స్కూటర్ తాళం తీసుకుని ఒక మెట్టు దిగాను.

"సార్, మీరు నిజంగా చెప్పలేదా?"

ఇది రెండో అవకాశం. ఆ మెట్ల మీద, అదే చోట. బ్యాచ్‌కు టైమైందన్నాను. ఆమె నా ముఖం చూసింది. "సరే సార్," అని దిగిపోయింది. ఆ "సరే"లో ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

ఇంటికి వెళ్లి నా భార్యకు చెప్పాను. ఆమె వంటింట్లో బెండకాయలు తుడుస్తోంది. మొదటి నుంచి చివరిదాకా విన్నది. గుడ్డ పక్కన పెట్టింది.

"ఆ రెండు కలపొద్దని సీసా మీదనే రాసి ఉంటది," అంది.

"తెలుసు."

"తెలిసి చెప్పిండ్రా?"

"తెలిసే. కానీ ఆ టైముకు తోచలేదు."

"పోనీ, నోరు జారింది. తర్వాతైనా చెప్పొద్దా?"

పోలీసులన్నాను, ఉద్యోగమన్నాను. ఆమె అడ్డు రాలేదు. అన్నీ చెప్పనిచ్చింది.

"పాతికేళ్ల పిల్ల స్నానానికి పోతె తల్లి బయట నిలబడి పిలుస్తున్నదంటె, ఆ తల్లికి నిద్ర ఉంటదా?" అంది. "మీకు భయం. సరే. వాళ్లకెంత భయమో చూడుండ్రి. అది మీరు పెట్టిన భయమే కద. నాకు చెప్పి ఏం లాభం? పోయి ఆ పిల్లకు చెప్పుండ్రి."

శనివారం డైరెక్టర్‌కు చెప్పాను. అతను లేచి గది తలుపు వేశాడు.

"సార్, అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతరు? ఆ పిల్ల బతికింది, మనం బతికినం."

"ఆమె అబద్ధం చెబుతోందని ఇంట్లో అనుకుంటున్నారు."

"మీరు చెప్పుకోండి, మీ ఇష్టం. కానీ సోమవారం క్లాసుకు రాకుండ్రి. సెంటరు పేరు ఎక్కడా తీయకుండ్రి." అతని గొంతులో కోపం లేదు. అతనికీ భయమే.

ఆదివారం పొద్దున నారాయణగూడ చౌరస్తాలో ఒక పని ఉందని నాకు నేనే చెప్పుకుని, అక్కడి నుంచి నడిచి వెళ్లాను. స్కూటర్ మీద వెళ్తే త్వరగా చేరతానని భయం. దారిలో రెండుసార్లు ఆగాను. ఒకసారి టిఫిన్ బండి దగ్గర ఆకలి లేకపోయినా నిలబడ్డాను. వాళ్లు ఈపాటికి వెళ్లిపోయి ఉంటే బాగుండునని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. హాస్టల్ సందులోకి తిరగ్గానే ట్రాలీ ఆటో కనిపించింది.

అన్న పరుపును తాడుతో కడుతున్నాడు. తండ్రి గేటు పక్క అరుగు మీద తువ్వాల భుజాన వేసుకుని కూర్చున్నాడు. హాస్టల్ ఆంటీ గేటులో నిలబడి ఉంది. ఆ అమ్మాయి లోపలి నుంచి పుస్తకాల సంచీతో వచ్చింది. సన్నబడింది. మెట్టు దిగి ఆగి, దగ్గి, మళ్లీ నడిచింది. నన్ను చూసి సంచీ కింద పెట్టింది.

అన్న కూడా చూశాడు. ఈసారి నమస్కారం పెట్టలేదు. "ఏంది సార్ ఇట్ల వచ్చిండ్రు? సిలబస్ చెప్పనీకా?"

నేను వెళ్లి తండ్రి ముందు నిలబడ్డాను. మొదటి మాట రెండుసార్లు అనాల్సి వచ్చింది.

"పెద్దాయనా, మీ బిడ్డ చెప్పింది నిజం. నేనే చెప్పిన. యాసిడ్, బ్లీచింగ్ కలపమన్నది నేను. గొళ్లెం వేసుకోమన్నది నేను. ఆమె చావాలనుకోలేదు. వాయిదా పడ్డ రోజు నాతోని నవ్వుకుంట మాట్లాడింది. టైం దొరికింది, జాగ్రఫీ చూసుకుంట అన్నది."

తండ్రికి వెంటనే అర్థం కాలేదు. కొడుకు వైపు చూశాడు. కొడుకు తాడు వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ఆ దినం నేను అడిగిన కద సార్. ఏం అనను అని కూడ అన్న. మీరు నలుగురిని నవ్వించిండ్రు."

"అవును."

"నేను ఇంటికి పోయి దాన్ని ఏమన్ననో తెలుసా మీకు? అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యమన్న. వేసింది. అయినా నమ్మలే."

హాస్టల్ ఆంటీ, "అయ్యో, నేను ఊరందరికి గట్లనే చెప్తి కద," అంటూ గేటు పట్టుకుని అక్కడే కూలబడింది.

తండ్రి అప్పుడు మాట్లాడాడు. మెల్లగా అడిగాడు. "గిన్ని రోజులు ఎందుకు చెప్పలేదు సారు?"

"భయపడ్డ," అన్నాను. ఇంకో కారణం వెతికితే దొరికేది. వెతకలేదు. "పోలీసులకు, ఉద్యోగానికి, మీకు. అన్నిటికి భయపడ్డ. ఇప్పుడు కూడ భయమైతనే ఉంది. మీరు ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్త. స్టేషన్ల చెప్త, మీ ఊరికొచ్చి చెప్త. పరీక్ష మాత్రం రాయనియ్యండి. ఆమె మనసుకు ఏ రోగం లేదు."

"నేను చెప్పిన కద నాయినా," అంది ఆ అమ్మాయి. అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. అది విని తండ్రి తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను ఆమె వైపు తిరిగాను. అప్పటిదాకా ఆమెను నేరుగా చూడలేకపోయాను. ఆమె ఏడవడం లేదు. క్లాసులో చెయ్యెత్తినప్పుడు ఎలా చూసేదో అలాగే, జవాబు వచ్చేదాకా కదలనన్నట్టు చూస్తోంది.

"నీకు తప్పు చెప్పినమ్మా," అన్నాను. "నువ్వు నమ్మి చేసినవ్. అది ఒకటి. నువ్వు పాణం మీదికొచ్చి కూడ నిజమే చెప్తె, నేను బాగుండి, కుర్చీల కూసొని, నిన్ను అబద్ధాలదాన్ని చేసిన. మీ అన్న ముందల నీ మాటను నవ్వులాట చేసిన. దాని మూలంగా ఇంట్ల నువ్వు పడ్డదంతా నేను పెట్టిందే. ఇందుల నీది ఏ తప్పు లేదు. తప్పంతా నాది. నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా."